సంక్రాంతి పేరంటం, భోగిపళ్ళు: అమ్మ కూడా కూర్చునేలా ఎలా చేసుకోవాలి

సంక్రాంతి పేరంటం పిలిచిన ఇంట్లో వచ్చినవాళ్ళంతా కూర్చుంటారు, ఆ ఇంటి ఇల్లాలు తప్ప. ఆమె వంటింటికీ హాలుకీ మధ్య తిరుగుతూనే ఉంటుంది. పిల్ల తలమీద భోగిపళ్ళు పోసే వేళకి గబగబా వచ్చి ఒక దోసిలి పోసి, సెనగలు సర్దడానికి మళ్ళీ లోపలికి వెళ్ళిపోతుంది. పిల్లలకి భోగిపళ్ళు పోసే వయసు చాలా ఇళ్ళలో ఐదేళ్ళ దాకానే. కొందరు పన్నెండేళ్ళ దాకా పోస్తారు. ఎలా చూసినా ఆ సాయంత్రాలు కొన్నే. ఆ గంటన్నర అమ్మ పిల్ల పక్కనే ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం.

అందుకే ఈ పద్ధతంతా ఆ గంటన్నర నుంచి వెనక్కి లెక్క వేసుకున్నది. ఉద్యోగానికి వెళ్ళే అమ్మకీ, ఇంట్లో ఉండి ఇద్దరు పిల్లల వెనకాల పొద్దున్నుంచీ పరుగెత్తే అమ్మకీ పనికొస్తుంది. ఇరవై మంది పెద్దవాళ్ళు, ఏడెనిమిది మంది పిల్లలు వస్తారనుకుని కొలతలు చెప్తాను. మీ ఇంటిని బట్టి తగ్గించుకోండి, పెంచుకోండి.

ముందు సమయం, పిలుపు

భోగి జనవరి 13న గానీ 14న గానీ వస్తుంది. సూర్యుడు మకరరాశిలోకి రావడాన్ని బట్టి వచ్చే పండగ కాబట్టి, తిథులతో వచ్చే పండగల్లాగా ఇది వారాలకి వారాలు అటూ ఇటూ జరగదు. డిసెంబరు మధ్యలో నెలగంట పెట్టి ధనుర్మాసం మొదలవగానే మీ తయారీ కూడా మొదలుపెట్టేయొచ్చు. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ భోగి నాటికి బడులకి సెలవులు ఇచ్చేస్తారు కాబట్టి పిల్లలు ఇంట్లోనే ఉంటారు. దీన్ని అడ్డంకి అనుకోకండి, ఈ పద్ధతిలో సగం పని వాళ్ళదే.

జనవరిలో సాయంత్రం ఆరింటికి అటూ ఇటూగా పొద్దు గూకుతుంది. పళ్ళు వెలుతురుండగానే పోస్తే బాగుంటుంది కాబట్టి 4:30కి రమ్మని పిలవండి. 5:15కి పిల్లని పీట మీద కూర్చోబెట్టాలి, 6 గంటలకి తాంబూలాలు. "సాయంత్రం రండి వదినా" అని వదిలేస్తే ఎనిమిదింటి దాకా ఒక్కొక్కరే వస్తూ ఉంటారు, మీరు నిలబడే ఉంటారు. "పళ్ళు సరిగ్గా ఐదుంపావుకి పోస్తున్నాం, ఆ టైముకి ఉండండి" అని చెప్పండి. ఫోన్లో మెసేజ్ పెట్టినా పెద్దవాళ్ళకి మాత్రం వెళ్ళి బొట్టు పెట్టి పిలవండి. ఆ పని పిల్లని వెంటబెట్టుకుని ఒక సాయంత్రం చేసేస్తే, ఎవరింటికి ఎలా వెళ్ళాలో, ఏమని పిలవాలో పిల్లకీ తెలుస్తుంది.

పిలిచేవాళ్ళలో ఒక మాట. భర్త పోయిన అమ్మమ్మనో నాయనమ్మనో పేరంటం జరుగుతుండగా లోపలి గదిలో కూర్చోబెట్టే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. దయచేసి ఆ పని చేయకండి. ఆ పిల్లని ఎత్తుకుని పెంచిన చేతుల కంటే మంచి దీవెన ఇంకేం ఉంటుంది? మీరు పోసిన వెంటనే రెండో దోసిలి ఆవిడ చేత పోయించండి. మీరే పిలిచి చేయి పట్టుకుని తీసుకొస్తే ఎవరూ ఏమీ అనరు. అన్నా పర్వాలేదు.

మూడు వారాల ముందు: ఇచ్చే కానుక తేల్చుకోండి

అందరికీ టెన్షన్ పెట్టేది ఈ రిటర్న్ గిఫ్టే. చివరి రెండు రోజుల్లో బజారుకి పరుగెత్తితే చేతికి అందింది కొంటాం. ప్లాస్టిక్ డబ్బాలు, మెరుపుల బుట్టలు, కుట్టించుకోవడానికి చాలని జాకెట్టు గుడ్డలు అలా వచ్చేవే. ఆ గుడ్డ ముక్క ఒకరింట్లోంచి ఇంకొకరింటికి తిరుగుతూనే ఉంటుంది. ఇంటికి వెళ్ళాక వాడుకునేదీ, వాడేశాక అయిపోయేదీ ఇస్తే వాళ్ళింట్లో చోటు తినదు. ఈ లెక్కన నాకు అన్నిటికంటే నచ్చేది సున్నిపిండి. భోగినాడు తలంట్లు పోసుకునే పండగకి ఇంతకంటే సరిపడే కానుక లేదు.

ఇరవై మందికి తలా 75 గ్రాములు లెక్కన కిలోన్నర పిండి కావాలి. కిలో పెసలు, పావుకిలో పచ్చిసెనగపప్పు, 150 గ్రాముల బియ్యం, 50 గ్రాముల కస్తూరి పసుపు, 50 గ్రాముల ఎండు గులాబీ రేకులు తీసుకోండి. అన్నిటినీ రెండు రోజులు మంచి ఎండలో పెట్టి పిండిమరలో పట్టించండి. ఇక్కడ ఒక జాగ్రత్త. మీ ముందు మరలో కారం గానీ మసాలా గానీ పట్టి ఉంటే ఆ ఘాటు మీ పిండిలోకి వస్తుంది, ఒంటికి రాస్తే మంట. ముందు ఎవరిదైనా బియ్యప్పిండి పట్టేదాకా ఆగి, ఆ తర్వాత మీది వేయించండి. బావంచాలు అనే గింజలు వేసే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉంది. నలుగురికి ఇచ్చేదాంట్లో అవి వద్దు, వాటివల్ల కొందరి చర్మం ఎండ తగిలినచోట కమిలి మంట పుడుతుంది. పిండి పూర్తిగా చల్లారాక చిన్న గాజు సీసాల్లో నింపండి. జామ్, పచ్చళ్ళు వచ్చిన ఖాళీ సీసాలైతే వేడినీళ్ళలో కడిగి, ఎండబెట్టి, వాసన పోయాకే వాడండి. సీసా మీద చీటీ రాసే పని పిల్లలది. "సున్నిపిండి. వంటకి కాదు" అని తప్పకుండా రాయించండి. చూడ్డానికి సెనగపిండిలా ఉంటుంది, ఎవరో బజ్జీలకి కలిపేస్తారు.

రెండో కానుక సంచీ. తాంబూలం ఎలాగూ దేంట్లోనో పెట్టి ఇవ్వాలి, ఆ ప్లాస్టిక్ కవరు బదులు చిన్న గుడ్డ సంచీ ఇస్తే అదే కానుక అయిపోతుంది. పెడన వైపు నుంచి వచ్చే అచ్చు కలంకారీ నూలు గుడ్డ మీటరు లెక్కన చాలా ఊళ్ళలో దొరుకుతుంది. 44 అంగుళాల పన్నా ఉన్న మీటరు గుడ్డని 8 అంగుళాల వెడల్పున, సగం పొడవున కత్తిరిస్తే పది ముక్కలు వస్తాయి. ఒక్కో ముక్కని మడిచి రెండు పక్కలా కుట్టి, పైన అంచు మడిచి దారం దూర్చితే తాంబూలం సంచీ తయారు. ఇరవై మందికి రెండు మీటర్లు చాలు. కుట్టుమిషన్ లేకపోతే వీధిలో ఆల్టరేషన్లు చేసే టైలరుకి ఇవ్వండి, కానీ డిసెంబరులోనే. పండగ వారంలో టైలరు ఎవరికీ దొరకడు. కత్తిరించే ముందు గుడ్డని ఒకసారి ఉప్పునీళ్ళలో జాడించి ఆరేయండి. రంగు దిగేదైతే తాంబూలం తడికి కాకుండా అప్పుడే తెలిసిపోతుంది.

సున్నిపిండి సీసా, సంచీ రెండూ ఇవ్వక్కర్లేదు. ఒకటి చాలు. జాకెట్టు గుడ్డే ఇవ్వాలని మీ అత్తగారికి పట్టుదల ఉంటే నిండా మీటరుండే మంచి నూలుగుడ్డ ఇవ్వండి, తక్కువమందికైనా సరే. కుట్టించుకునేవాళ్ళు నిజంగా కుట్టించుకుంటారు.

తెలంగాణలో సంక్రాంతి నోము పట్టేవాళ్ళ లెక్క వేరు. అక్కడ పసుపుకుంకుమలతో పాటు ఒకే రకం వస్తువు 13 చొప్పున నోచి ముత్తైదువలకి పంచుతారు. కాబట్టి కొనేముందు డజన్లలో కాదు, పదమూళ్ళలో లెక్కపెట్టుకోవాలి. 12 ఉన్న పెట్టె కొనుక్కొచ్చి పదమూడోదాని కోసం అదే రంగు వెతకడం పెద్ద అవస్థ. స్టీలు గిన్నెలూ భరిణెలే కానక్కర్లేదు, మట్టి ప్రమిదలు, చిక్కుడు, తోటకూర విత్తనాల పొట్లాలు కూడా బాగుంటాయి.

పిల్లలకి వేరే ఆలోచించండి. వాళ్ళకి సంచీలూ సీసాలూ అక్కర్లేదు. గాలిపటం, ఒక ఉండ నూలుదారం ఇస్తే మర్నాడు మేడ మీద పండగంతా వాళ్ళదే. దారం మాత్రం చూసి కొనండి. చైనా మాంజా అని అమ్మే నైలాన్ దారాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించింది. పక్షుల రెక్కలూ బండి మీద వెళ్ళేవాళ్ళ మెడలూ తెగేది దాంతోనే. షాపువాడు "ఇదే బాగా ఎగురుతుందండీ" అన్నా తీసుకోకండి. పిట్టగోడ లేని మేడలున్న వీధి అయితే గాలిపటం మానేసి ఏటికొప్పాక బొంగరం ఇవ్వండి. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో అంకుడు కర్రని తరిణ పట్టి, లక్కలో చెట్ల నుంచి తీసిన రంగులు కలిపి పూస్తారు. ఆ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకి అక్కడి గిలక్కాయ, నాలుగేళ్ళ పిల్లకి లక్కపిడతలు. లేపాక్షి షోరూముల్లో దొరుకుతాయి.

ఇంట్లో పనిచేసే ఆవిడకీ, వాచ్‌మన్ కుటుంబానికీ ఇచ్చేది పండగ అయ్యాక కాకుండా జనవరి మొదటి వారంలోనే ఇచ్చేయండి. వాళ్ళింట్లో పిల్లలకీ కొత్తబట్టలు కొనాలి, అరిసెలకి బెల్లం కొనాలి. భోగి సాయంత్రం మిగిలిన అరటిపళ్ళు చేతిలో పెట్టడం కానుక కాదు. ఆమెకి పండగ మూడు రోజుల్లో కనీసం రెండు రోజులు సెలవు చెప్పి, ఆ రెండు రోజుల గిన్నెలు ఎవరు తోముతారో మీ ఇంట్లో ముందే తేల్చుకోండి.

పది రోజుల ముందు: ఒక్క పిండివంట

అరిసెలు, జంతికలు, చక్కిలాలు, సున్నుండలు, బొబ్బట్లు, గారెలు అన్నీ ఒకే ఇంట్లో ఒకే మనిషి చేయాల్సిన రోజులు పోయాయి, అది మంచిదే. అరిసెల పాకం, సకినాలు చుట్టడం తెలిసిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే వాళ్ళు ఉన్నప్పుడు వాళ్ళతో కూర్చుని చేయండి, పాకం పట్టు చూసి నేర్చుకోవాల్సిందే. లేకపోతే ఆ రెండూ బయట కొనేసి, మీరు పిల్లలతో సున్నుండలు చుట్టండి. నూనె పొయ్యి దగ్గర పని లేదు కాబట్టి పిల్లలు ఉండొచ్చు.

అరకిలో మినపగుళ్ళని సన్నని సెగ మీద కమ్మటి వాసన వచ్చి, రంగు కొద్దిగా మారేదాకా వేయించాలి. పదిహేను నిమిషాలు పడుతుంది, తొందరపడి మంట పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. గుప్పెడు బియ్యం కూడా వేయించి కలిపితే పిండి అంగిలికి అంటుకోదు. మెత్తగా పట్టి, 400 గ్రాముల బెల్లం తురుము కలిపి ఇంకోసారి తిప్పండి. పావుకిలో నెయ్యి కరిగించి, చెయ్యి పెట్టగలిగేంత వేడికి వచ్చాక కొంచెం కొంచెం పోస్తూ చుట్టాలి. ముప్పై దాకా వస్తాయి. పిల్లలు చుట్టినవి సైజులు తేడాగా ఉంటాయి, వాటిని మళ్ళీ మీరు చుట్టకండి.

ఈ వారమంతా రోజువారీ వంట తేలిక చేసుకోండి. పులిహోర పులుసు ఒక సీసా కాచి పెట్టుకుంటే రెండు సార్లు వస్తుంది. గోంగూర పచ్చడి, కంది పొడి ఉంటే ఆఫీసు క్యారేజీలు గడిచిపోతాయి. బడికి చివరి రోజుల్లో పిల్లల డబ్బాలో పెరుగన్నం పెట్టినా ఏం కాదు.

వారం ముందు: బొమ్మల కొలువు

తమిళనాడులోనూ కర్ణాటకలోనూ నవరాత్రులకి పెట్టే కొలువు ఆంధ్రలో ఎక్కువ ఇళ్ళలో సంక్రాంతికి పెడతారు, భోగినాడు పెట్టి కనుమ దాకా ఉంచుతారు. మీ ఇంట్లో ఆనవాయితీ లేకపోతే పెద్దవాళ్ళని అడిగి చూడండి. వాళ్ళు వద్దంటే మెట్లు కట్టకుండా ఒక బల్ల మీద పిల్లల బొమ్మలు ముచ్చటగా సర్దుకోండి. పేరంటానికి వచ్చిన పిల్లలు చూసేది బొమ్మల్ని, మెట్లని కాదు.

మెట్లు బేసి సంఖ్యలో ఉండాలి. మొదటిసారికి మూడు చాలు. గోడకి ఆనించి డైనింగ్ టేబులు, దాని ముందు పెట్టె, దాని ముందు పుస్తకాల కట్టలు, అన్నిటి మీదా తెల్లపంచె పరిస్తే మూడు మెట్లు వచ్చేస్తాయి. పంచె అంచుల్ని వెనక గుండుసూదులతో బిగించండి, లేకపోతే పాకే పిల్ల లాగితే బొమ్మలన్నీ కింద పడతాయి. పై మెట్టు మీద దేవుళ్ళు, మధ్యలో దశావతారాలు, పెళ్ళి సెట్టు, ఏనుగు అంబారీ లాంటివి, కింద మెట్టు మీద కూరగాయల కొట్టు, సెట్టిగారు, ఎడ్లబండి, పిల్లల కార్లు. ఏటా ఒక కొత్త బొమ్మ చేరాలంటారు. ఆ ఒక్కటి మంచిది కొనండి. కొండపల్లి బొమ్మ అయితే తెల్లపొణికి కర్రతో చేస్తారు కాబట్టి చేతికి చాలా తేలిగ్గా ఉంటుంది, చింతగింజల పిండితో అతుకులు పెడతారు. దాన్ని తడిగుడ్డతో తుడవకండి, మెత్తని పొడి బ్రష్షు చాలు. నిర్మల్ బొమ్మలు, మట్టి బొమ్మలు కూడా అంతే.

కొలువు ముందు నేల మీద పార్కు పెట్టడం పిల్లలకి అన్నిటికంటే ఇష్టమైన పని. భోగికి వారం ముందు వెడల్పాటి పళ్ళెంలో రెండు వేళ్ళ మందాన మట్టి పోసి, రాత్రంతా నానబెట్టిన మెంతులు ఒత్తుగా చల్లించండి. పైన పల్చగా మట్టి కప్పి, రోజూ పొద్దున బడికి వెళ్ళేముందు చేత్తో నీళ్ళు చిలకరించే బాధ్యత ఒకరికి అప్పజెప్పండి. చలికి కాస్త ఆలస్యంగా మొలుస్తాయి, అందుకే వారం. పండగనాటికి పచ్చటి పచ్చికలా ఉంటుంది, అందులో ఆవుల్నీ దూడల్నీ నిలబెట్టుకుంటారు.

భోగిమంటలో వేసే పిడకల దండ కావాలంటే అది ఇంకా ముందే, డిసెంబరు ఆఖరులోనే తట్టి ఎండబెట్టాలి. అపార్టుమెంటులో కుదరకపోతే గోశాలల దగ్గరా పూజాసామాను కొట్లలోనూ దండలు అమ్ముతారు. మంటలో పిడకలూ ఎండుకట్టెలూ మాత్రమే. పాత టైర్లు, ప్లాస్టిక్ వేసే చోట పిల్లల్ని నిలబెట్టకండి.

ముందు రోజు

ఇరవై మంది తాంబూలాలకి 40 తమలపాకులు, 40 వక్కలు, 40 అరటిపళ్ళు, పసుపు కుంకుమ పొట్లాలు 20, ముప్పావుకిలో నల్లసెనగలు కావాలి. సెనగలు నానితే రెట్టింపు బరువవుతాయి, మనిషికి ఒక పెద్ద గుప్పెడు వస్తుంది. అరటిపళ్ళు కొంచెం దోరగా ఉన్నవి రెండు రోజుల ముందే కొనండి, భోగి పొద్దున ధర పెరుగుతుంది.

సెనగలు రాత్రి 9కి నానబెట్టి భోగి పొద్దున్నే నీళ్ళు వంచేసి, చిటికెడు పసుపు రాసి గుడ్డ మీద పల్చగా పరవండి. సాయంత్రం దాకా నీళ్ళలోనే వదిలేస్తే పులిసిన వాసన వస్తుంది.

ఇప్పుడు సంచీలు వరసగా పెట్టి పిల్లల్ని పిలవండి. ఎనిమిదేళ్ళ పిల్లాడు ప్రతి సంచీలో రెండు వక్కలు, పసుపు కుంకుమలు, సీసా వేయగలడు. ఆకులూ పళ్ళూ సెనగలూ మాత్రం మర్నాడు మధ్యాహ్నం వేయాలి. ఇదొక్కటి ముందు రోజు చేసి పెట్టుకుంటే పేరంటం సాయంత్రం మీరు వంటింట్లోకి వెళ్ళాల్సిన ముఖ్య కారణం పోయినట్టే.

భోగిపళ్ళ సామాను కూడా ఈ రోజే తీసుకోండి. ఒక పిల్లకి అరకిలో రేగుపళ్ళు, అర గడ చెరుకు, రెండు గుప్పెళ్ళ నానిన సెనగలు, పావుకిలో బంతి, చామంతి, గులాబీ రేకులు, ఓ పాతిక ముప్పై రూపాయి నాణేలు సరిపోతాయి. రేగుపళ్ళు చిన్న నాటురకం తీసుకోండి. ఈమధ్య బజారు నిండా వచ్చే ఆపిల్ రేగు పెద్దగా గట్టిగా ఉంటుంది, చిన్నపిల్ల తలమీద పోయడానికి పనికిరాదు. చెరుకు తొక్క పూర్తిగా తీసి గోరంత ముక్కలు చేయండి, పదునైన అంచులుండకూడదు. నాణేలు సబ్బునీళ్ళలో కడిగి ఆరబెట్టండి.

ఏడాదిన్నర, రెండేళ్ళ పిల్లకి ఇదే మొదటిసారి అయితే ఈ సాయంత్రమే ఒకసారి ఆట ఆడించండి. ఒళ్ళో కూర్చోబెట్టుకుని పూలరేకులు మాత్రం మూడుసార్లు తలమీద పోసి, అందరూ చప్పట్లు కొట్టండి. మర్నాడు ఇరవై మంది ముందు బెదిరిపోకుండా ఉంటుంది.

భోగి రోజు

తెల్లవారుజామున నాలుగింటికి లేచి మంటలు, తర్వాత తలంట్లు, పొంగలి, పూజ. పది గంటలకల్లా మధ్యాహ్నం భోజనంతో పాటు రాత్రికి కూడా పులిహోర కలిపి పెట్టేయండి. రాత్రికి పులిహోర, పెరుగన్నం. ఇంకేమీ వద్దు.

భోజనాలయ్యాక 1 నుంచి 2:30 దాకా పిల్లని పడుకోబెట్టి మీరూ పడుకోండి. దీన్ని ఎవరు ఏ పని చెప్పినా వదులుకోకండి. తెల్లవారుజామున లేచిన పిల్ల నిద్ర చాలకపోతే పళ్ళు పోసేటప్పుడు గుక్కపట్టి ఏడుస్తుంది, అది దిష్టి కాదు, నిద్ర.

నిద్ర లేచాక సంచీల్లో ఆకులు, పళ్ళు, సెనగలు వేసి ఒక బల్ల మీద తలుపు దగ్గర పెట్టండి. తర్వాత పనులు పంచండి. గుమ్మంలో పన్నీరు చిలకరించడం, గంధం రాయడం పెద్దపిల్లకి. పూలు ఇవ్వడం మేనకోడలికి. మంచినీళ్ళు, కాఫీలు పిల్ల నాన్నగారికి, ఆయన తమ్ముడికి. పేరంటంలో మగవాళ్ళకేం పని అంటారేమో, వంటింట్లో ఉంది. ఫొటోలు తీసే పని ఒక్కరికే గట్టిగా అప్పజెప్పి, అమ్మా పిల్లా ఇద్దరూ ఉన్న ఫొటోలు కావాలని విడిగా చెప్పండి.

భోగిపళ్ళు పోయడం

హాల్లో తూర్పు ముఖంగా పీట వేసి, కింద పాత దుప్పటి పరవండి. పోసినవన్నీ దుప్పటి నాలుగు కొసలూ పట్టుకుంటే ఒక్కసారే పోగవుతాయి. పళ్ళూ రేకులూ సెనగలూ చెరుకు ముక్కలూ నాణేలూ అక్షింతలూ వెడల్పాటి పళ్ళెంలో కలిపి పెట్టుకోండి. మూడేళ్ళ లోపు పిల్లకైతే నాణేలూ సెనగలూ చాలా తగ్గించి రేకులు ఎక్కువ కలపండి. చేతికి దొరికింది నోట్లోనో ముక్కులోనో పెట్టుకునే వయసు అది. దుప్పటి దులిపేదాకా పిల్ల మీద ఒకరి కన్ను ఉండాలి.

పిల్లకి బొట్టు పెట్టి, మెళ్ళో పూలదండ వేయండి. దండ గుచ్చుకుంటోందని ఏడిస్తే తీసేయండి. మొదట అమ్మ. దోసిలి నిండా తీసుకుని పిల్ల తల చుట్టూ మూడుసార్లు తిప్పి, నడినెత్తిన మెల్లగా వదలాలి. ఎత్తు నుంచి పోయకూడదు, చేతులు జుట్టుకి దగ్గరగా ఉంచి వదలాలి. వచ్చినవాళ్ళకి కూడా ఈ మాట నవ్వుతూ చెప్పండి. తర్వాత నాయనమ్మ, అమ్మమ్మ, అత్తలు, పేరంటాళ్ళు ఒక్కొక్కరే. పాట వచ్చినవాళ్ళని పాడమనండి, రానివాళ్ళు కూడా గొంతు కలుపుతారు. అందరూ పోసేదాకా పిల్ల కూర్చోలేకపోతే చివరి పదిమంది కలిసి ఒకేసారి చల్లినా దీవెన తగ్గదు.

చివరికి ఎర్రనీళ్ళ హారతి. పళ్ళెంలో నీళ్ళలో పసుపు కలిపి, వేలికొసంత సున్నం వేస్తే ఎర్రగా మారుతుంది. పిల్లలు చుట్టూ చేరి చూసేది ఇదే కాబట్టి ముందే కలిపి తేకుండా వాళ్ళ ముందే కలపండి. హారతి ఇచ్చి ఆ నీళ్ళు చెట్టు మొదట్లో పోసేయాలి.

ఇక మీరు కూర్చోండి. పిల్లని ఒళ్ళో పెట్టుకుని, వచ్చినవాళ్ళతో కబుర్లు చెప్పండి. తాంబూలాలు మాత్రం మీ చేత్తోనే ఇవ్వండి. సంచీలు తయారుగా ఉన్నాయి కాబట్టి పిల్ల ఒక్కొక్కటీ అందిస్తుంటే బొట్టు పెట్టి మీరు ఇవ్వడమే.

దూరదేశాల్లో ఉన్నవాళ్ళకి

భోగి పనిరోజున వస్తే దగ్గరి శనివారం చేసుకోండి. రేగుపళ్ళు దొరకని చోట కొందరు క్రాన్‌బెర్రీలు, బ్లూబెర్రీలు పోస్తారు. చైనీస్ కొట్లలో దొరికే ఎండు జుజుబీలు మన రేగుకి దాయాదులే, కాస్త నానబెడితే మెత్తబడతాయి. మధ్యాహ్నమే పొద్దు వాలే చలి ఊళ్ళలో 3 గంటలకే పోసేయొచ్చు. అమెరికాలో ఉన్నవాళ్ళు ఇండియాలో ఉన్న అమ్మమ్మని వీడియో కాల్లో ఉంచదలిస్తే మీ సాయంత్రం కాకుండా మీ పొద్దున పెట్టుకుంటే ఆవిడ నిద్ర పాడవకుండా చూస్తుంది.

కనుమ, ఆ మర్నాడు

తలమీద పోసిన పళ్ళు తినరు. నాణేలు ఏరి పక్కన పెట్టి, మిగతావి పశువులకో చెట్ల మొదట్లోకో వేయండి. నాణేలు ఎవరికి ఇవ్వాలో పిల్లనే అడగండి. మిగిలిన నానిన సెనగలు ఆ రాత్రే ఉడికించి పెట్టుకుంటే కనుమనాడు తాలింపు వేసిన గుగ్గిళ్ళు అవుతాయి.

కనుమనాడు ఎలాగూ ప్రయాణాలు చేయరు, చుట్టాలు ఇంట్లోనే ఉంటారు. మినపగారెలు తిన్నాక అందరూ ఉన్నప్పుడే ఫొటోలు చూసి, మూడు నాలుగు ఎంచి ప్రింటు వేయించండి. నాయనమ్మకీ అమ్మమ్మకీ మీరిచ్చే కానుక అవే. ఫోన్లో పంపినవి వాళ్ళకి మళ్ళీ దొరకవు, కాగితం మీద ఉంటే దేవుడి అలమరలో పెట్టుకుంటారు. ఏటా పిల్లని కొలువు పక్కన ఒకేచోట నిలబెట్టి ఒక ఫొటో తీసి, వెనక సంవత్సరం వేసి ఇవ్వండి.

ఆ రాత్రి కొలువుకి హారతి ఇచ్చి ఒక బొమ్మని పడుకోబెడతారు. మర్నాడు బొమ్మల్ని పాత నూలుచీర ముక్కల్లో విడివిడిగా చుట్టి, ఎండిన వేపాకు వేసి, మట్టివీ కర్రవీ వేరువేరు అట్టపెట్టెల్లో సర్దండి. పెట్టె మీద లోపల ఏమున్నాయో పెద్దక్షరాలతో రాయండి. అదే పెట్టె మూత లోపలి వైపు ఒక కాగితం అతికించి, ఈసారి ఎంతమంది వచ్చారు, ఏవి మిగిలాయి, ఏవి చాలలేదు, ఎవరికి ఏం ఇచ్చారు అన్నీ రాసిపెట్టండి. వచ్చే డిసెంబరులో సెనగలు ఎన్ని కొనాలో తెలుస్తుంది. పార్కులోని మెంతిమొలకల్ని మట్టి అంటకుండా కత్తెరతో కోసి, కడిగి ఆ పూట పప్పులో వేసేయండి.